పావురాలున్న డాబా

ఇచ్చేసిన పావురాలు తిరిగొచ్చి సొంత డాబా పిట్టగోడ మీద వాలితే ఏ పావురాల మనిషైనా ఎగిరి గంతేస్తాడు. మన టైలరు మాత్రం తల పట్టుకున్నాడు.

“ఓరి మీ దుంపతెగ! రాక రాక ఇవాళే రావాలా?” అన్నాడు, కిందికి వినపడకుండా.

అవి అయిదూ వరసగా కూర్చుని, ఏం తప్పు చేశామన్నట్టు మెడలు తిప్పి చూశాయి. మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉన్న మగది కాలరు. దాన్ని ఆనుకుని కూర్చున్న ఆడది కాజా. పక్కన బాబిన్, గుండీ. అన్నిటికన్నా చిన్నది అస్తరు. టైలరు పెట్టే పేర్లు ఇలాగే ఉంటాయి మరి, ఇంకెలా ఉంటాయి? ఊరికి ఆ చివర, వంతెన అవతల ఉన్న బావగారింటికి తనే స్వయంగా మోసుకెళ్ళి, గూట్లో పెట్టి, గొళ్ళెం వేయించి వచ్చిన పావురాలివి. ఇవాళ పొద్దున్న చూసేసరికి ఇక్కడున్నాయి. అప్పటికే డాబా అంతా కలియదిరిగి, ఎక్కడికక్కడ తెల్లటి రెట్టలు వేసి పెట్టాయి.

పడమటి ఆకాశం కుండ అడుగులా నల్లబడి ఉంది. నేడో రేపో కాదు, ఈ పూటే వాన. ఈ ఏటికి అదే తొలి వాన. దానికోసం పెరట్లో కొత్త సిమెంటు తొట్టి కట్టించారు, పైపులు వేయించారు. డాబా మీద పడ్డ ప్రతి చుక్కా ఆ తొట్టిలోకి దిగుతుందని, ఆ నీళ్ళతోనే వంటా తాగడమూ అని, అందుకే డాబా మీద ఒక్క ఈక కూడా ఉండకూడదని మేస్త్రి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. టైలరు, భార్య ముందు నిలబడి, సరేనన్నాడు. ఇప్పుడు ఆ భార్య వంటింట్లో ఎడమ చేత్తో గిన్నెలు సర్దుకుంటోంది. కుడి చేతికి ఇంకా కట్టు ఉంది.

అసలు సంగతంతా ఆ కట్టు దగ్గరే ఉంది.

ఎండలు ముదిరాక వీధిలో బోర్లు ఒకదాని వెనక ఒకటి గాలి కక్కడం మొదలుపెట్టాయి. మోటరు వేస్తే గుర్రుమనడం తప్ప చుక్క రాలదు. వీధి చివరకి పొద్దున్నే ట్యాంకరు వచ్చేది. దాని హారను వినపడితే చాలు, ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారిచ్చే మర్యాదస్తులు కూడా మోచేతులు బయటికి తీసేవారు. టైలరు భార్య రెండు బిందెలతో వెళ్ళేది. ఒకరోజు ఆ తోపులాటలో, ఆ బురదలో కాలు జారి, బిందె కింద చేయి పెట్టి పడింది. మణికట్టు విరిగింది. వేరే చేయి అయితే అదో రకం. అది కాజాలు కుట్టే చేయి. ఆ చేత్తో కుట్టిన కాజాల కోసమే కోటు కుట్టించుకునేవాళ్ళు పెద్ద పెద్ద షాపులు వదిలేసి ఈ రేకుల కొట్టుకి వచ్చేవారు.

అది జరిగినప్పుడు మన టైలరు ఎక్కడున్నాడయ్యా అంటే, డాబా మీద. పావురాలకి గింజలు జల్లి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తూ, అవి ఇంటి చుట్టూ గిరికీలు కొడుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎందుకో వీధి చివరకి చూపు పోయింది. ట్యాంకరు చుట్టూ అంతమందిలో తన భార్య చీర రంగు నేల మీద కనపడింది. మెట్లు ఎలా దిగాడో, చెప్పులు లేకుండా అంత దూరం ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియదు.

ఆస్పత్రిలోనూ, ఇంటికొచ్చాకా ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది. పెళ్ళాం బిందెలు మోస్తుంటే మొగుడు పావురాలు ఎగరేసుకుంటున్నాడని లోకంలో ఎవరూ అనకపోయినా, ఆయనకి ఆయనే రోజూ అనుకునేవాడు. మిషను తొక్కుతూ అనుకునేవాడు, అన్నం తింటూ అనుకునేవాడు. ట్యాంకరు దగ్గరకి ఇప్పుడు తనే వెళ్తున్నాడు. నడుం పట్టుకుపోయి వచ్చిన ప్రతిసారీ, ఇన్నేళ్ళూ ఆవిడ ఇది ఎలా మోసిందా అని సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఒక సాయంత్రం ఆవిడే అంది. “మన నెత్తి మీద పడే నీళ్ళని మురిక్కాలవలోకి వదిలేసి, ఆనక ట్యాంకరు వెంట పరుగెత్తడమేంటండీ? పట్టుకుందాం.”

మర్నాడే తాపీమేస్త్రిని పిలిచారు. అతను ఆవిడని అక్కా అని పిలుస్తాడు, వరసకి కాదు, అలవాటుకి. పెరడంతా తిరిగి, ఎండిన బోరు చూసి, డాబా ఎక్కాడు.

“బాగుంది అక్కా. డాబా వాలు కూడా పెరటి వైపే ఉంది. ఈ మూల నుంచి పైపు దించి తొట్టిలో కలిపేస్తా. తొట్టి నిండాక పొంగింది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పోతుంది. నాలుగు మంచి వానలు పడితే నీ బోరు కూడా ఊపిరి తీసుకుంటుంది. కాకపోతే...” అని కాళ్ళ కింద చూసుకుని, చెప్పు పక్కకి జరిపాడు.

“కాకపోతే ఏంటి?” అన్నాడు టైలరు.

“ఈ రెట్టలు కొట్టుకొచ్చిన నీళ్ళు తాగితే మళ్ళీ ఆస్పత్రికే దారి పట్టాలండీ. పావురాలైనా ఉండాలి, తొట్టి అయినా ఉండాలి.”

“రోజూ కడిగేస్తానయ్యా డాబా! అద్దంలా పెడతా!”

“దేంతో కడుగుతారు? నీళ్ళేవీ?”

టైలరు కింద ఎండిన బోరు వంక చూశాడు. భార్య వంక చూశాడు. ఆవిడ కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, “మీ ఇష్టం” అంది. సంసారం చేసినవాళ్ళకి తెలుసు, అంతకన్నా పెద్ద తీర్పు ఏ కోర్టూ ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే పావురాల్ని బుట్టలో పెట్టి, పైన అస్తరు గుడ్డ కప్పి, వంతెన దాటి అక్కాబావల ఇంటికి తీసుకెళ్ళాడు. “గూడు తలుపు మాత్రం తీయకు బావా. తీశావంటే నిలవవు. పెద్ద పావురం ఎక్కడున్నా సొంత గూటికే పోతుంది” అని ఒకటికి పదిసార్లు చెప్పాడు. బావ నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు, అయినా ఆయన కూడా ఆ రోజు బావమరిది మొహం చూసి వేళాకోళం ఆడలేకపోయాడు. “నా పిల్లల్లా చూసుకుంటాలేరా” అని భుజం తట్టి పంపించాడు. ఇంటికొచ్చి, ఆ పొద్దున ట్యాంకరు దగ్గర పట్టిన రెండు బిందెల నీళ్ళూ పోసి టైలరు డాబా కడిగేశాడు. కడుగుతూ ఏడ్చాడు కూడా, చెప్పడానికేముంది.

ఆ తర్వాత మనిషి మనిషిలా లేడు. ఈల లేదు, పాట లేదు, టీ చల్లారిపోయేది. బ్యాంకు గుమస్తా ఒకాయన చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అలాంటి పని ఎన్నడూ చేయలేదు. పెరట్లో మేస్త్రి తవ్వుతున్నాడు, కడుతున్నాడు, పైపులు పూడుస్తున్నాడు. ఈయన అటు తొంగి కూడా చూడలేదు. చూస్తే పావురాలు గుర్తొస్తాయి. ఒకరోజు కొట్టు పైనే, రేకుల అంచున, మేస్త్రి సగానికి చీల్చిన పైపు బిగిస్తూ ఠకఠక కొడుతుంటే మాత్రం, “ఇదెందుకే?” అని అడిగాడు.

“మీ కస్టమర్ల నెత్తిన చూరునీళ్ళు పడకుండా” అంది ఆవిడ. సరేనని మళ్ళీ మిషను మీదికి వంగాడు.

ఇదీ వెనకటి సంగతి. ఇక ఇవాళ్టికి వస్తే, టైలరుది ముందు నుయ్యి, వెనక గొయ్యి. పావురాల్ని తరిమితే పోవు. ఉంచితే నీళ్ళు పాడు. ఆవిడకి చెప్పాడా, “తలుపు తీయించి మీరే రప్పించుకున్నారు” అంటుంది. ఒకవేళ అనకపోతే? మళ్ళీ ఆ “మీ ఇష్టం” అంటే? అది ఇంకోసారి వినే ఓపిక ఆయనకి లేదు.

గుప్పెడు గింజలు చూపించి, ఒక్కోదాన్నీ పట్టి బుట్టలో పెట్టుకున్నాడు. అరచేతిలో కాలరు గుండె టకటకా కొట్టుకుంటుంటే, అంత భయంలోనూ ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణం దాని వీపు మీద చెంప ఆనించాడు. తర్వాత బయటి మెట్ల మీదుగా దిగి, కొట్లో తెర కట్టిన ట్రయల్ గదిలో, స్టూలు కింద బుట్ట పెట్టి, తెర దగ్గరికి లాగాడు. బావకి ఫోన్ చేశాడు.

“బావా, పావురాలు వచ్చేశాయి! తలుపు ఎవరు తీశారు?”

“ఎగిరిపోయాయా? అయ్యయ్యో! ఎంత ఘోరం జరిగిపోయిందిరా!” అన్నాడు బావ. ఆ అయ్యయ్యోలో దిగులు కన్నా ఇంకేదో ఎక్కువ వినపడింది గానీ, టైలరుకి అదంతా వినే తీరికెక్కడిది.

“నువ్వు వెంటనే వచ్చి తీసుకెళ్ళు.”

“వాన మబ్బు పట్టింది కదరా, వంతెన మీద తడిసిపోతాను. రేపు చూద్దాంలే” అని పెట్టేశాడు.

టైలరు పాత గుడ్డముక్కలు పట్టుకుని మళ్ళీ డాబా ఎక్కాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెట్టలు తుడవడం మొదలుపెట్టాడు. ఒకటి తుడిస్తే నాలుగు కనపడుతున్నాయి.

“ఏమండీ! పైనేం చేస్తున్నారు?” కింద నుంచి భార్య గొంతు.

“మబ్బు చూస్తున్నా!”

“మబ్బుని గుడ్డ పెట్టి తుడుస్తారా ఎవరైనా?”

చేతిలో గుడ్డ పిట్టగోడ మీదుగా వేలాడుతోందని అప్పుడు చూసుకున్నాడు. నీళ్ళు నములుతూ కిందికి దిగొచ్చేశాడు. డాబా సగం కూడా శుభ్రం కాలేదు.

ఇంతలో రెండు ఎడమ చేతుల గుమస్తా రానే వచ్చాడు, విప్పి మళ్ళీ కుట్టిన చొక్కా వేసుకు చూడ్డానికి. తిన్నగా తెర వైపు నడిచాడు. టైలరు అడ్డం వెళ్ళి నిలబడ్డాడు.

“ఇక్కడే వేసుకోండి సార్, మనమే కదా ఉన్నాం.”

“భలేవారే, లోపల అమ్మగారున్నారు” అని ఆ సిగ్గరి మనిషి ఈయన్ని తప్పించుకుని తెర లోపలికి దూరాడు. రెండు నిమిషాలు గడిచాయి.

“టైలరు గారూ! ఇక్కడెవరో గొణుగుతున్నారండీ!”

“ఫ్యాను సార్. పాతదైపోయింది.”

“ఇక్కడ ఫ్యానే లేదు కదండీ!”

“అదే... పక్కింటిది. గోడ పల్చన.”

గుమస్తా బయటికొచ్చాడు. చేతులు రెండూ సరిగ్గా కుదిరాయి. భుజం మీద మాత్రం బూడిదరంగు ఈక ఒకటి అంటుకుని ఉంది. సరిగ్గా అప్పుడే టైలరు భార్య టీ గ్లాసుతో వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఎడమ చేత్తో ఆ ఈక తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, గుండుసూదుల దిండుకి గుచ్చింది.

“దూది అది. కొత్త రకం అస్తరులో పెడుతున్నారు” అన్నాడు టైలరు.

ఆవిడేమీ అడగలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా. ఆవిడ పెదాలు బిగించుకుని లోపలికి వెళ్ళిపోయింది. కోపంతో బిగించిందో, ఇంకెందుకు బిగించిందో ఆయనకి అర్థం కాలేదు.

డబ్బులిచ్చి గుమస్తా గుమ్మం దాటబోయాడో లేదో, రేకుల మీద ఒక చినుకు ఠప్పుమంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత లెక్కపెట్టే అవకాశం లేదు. ఏడాదిగా ఎదురుచూసిన వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. మట్టి వాసన కొట్లోకి వచ్చింది. గుమస్తా కొత్త చొక్కా తడుస్తుందని చూరు కింద నిలబడిపోయాడు.

టైలరు కొంతసేపు మిషను ముందు అలాగే కూర్చున్నాడు. పెడలు మీద కాలుంది గానీ కదల్లేదు. పైన రెట్టలు కరుగుతున్నాయి, కరిగి మూలకి చేరుతున్నాయి, పైపులోకి దిగుతున్నాయి. ఆవిడ చేయి విరిగాక కట్టించిన తొట్టి. ఆ చేత్తో ఇంకెప్పుడూ బిందె పట్టుకుని ట్యాంకరు కింద నిలబడకూడదని కట్టించిన తొట్టి. తొలి వానకే, తన పావురాల వల్లే దాంట్లో విషం పడుతోంది. మొదటిసారి పైన నిలబడి ఈల వేశాడు. ఈసారి కింద కూర్చుని టీ తాగుతున్నాడు. రెండింటికీ తేడా ఏముంది?

టీ గ్లాసు తోసేసి లేచాడు. పక్క సందులోంచి పెరట్లోకి పరుగెత్తాడు. తొట్టి మూత ఎత్తి చూస్తే, లోపల గోడకి ఉన్న పైపు మూతిలోంచి నీళ్ళు ధారగా దూకుతున్నాయి. చేయి అడ్డం పెట్టాడు, ఆగలేదు. చుట్టూ చూశాడు, ఏమీ దొరకలేదు. ఒంటి మీద చొక్కా విప్పి, ఉండ చుట్టి, పైపు మూతిలో కుక్కి, రెండు చేతులతో అదిమిపట్టి, బోర్లా పడుకున్నంత పని చేశాడు. ధార ఆగింది. సందుల్లోంచి మాత్రం మొహం మీదికి చిమ్ముతోంది.

“టైలరు గారూ!” వీధి వైపు నుంచి గుమస్తా కేక. “ఇక్కడ జలపాతం పడుతోందండీ నా నెత్తిన!”

పడనీ. ఆ మనిషి నెత్తి సంగతి ఇప్పుడెవరిక్కావాలి?

“ఏమండీ.”

తలెత్తాడు. వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

“ఏం చేస్తున్నారు మీరు?”

ఇంక దాచడానికేముంది? దొంగకి తేలు కుట్టినట్టు ఎంతసేపుంటాడు మనిషి? “పావురాలు వచ్చేశాయే” అన్నాడు. “పొద్దున్నే వచ్చేశాయి. డాబా అంతా పాడుచేశాయి. బుట్టలో పెట్టి ట్రయల్ గదిలో దాచా. తుడుద్దామనుకున్నా, ఈలోగా వాన... నీళ్ళు పాడైపోతున్నాయే. నీ నీళ్ళు. నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. మీ ఇష్టం అని మాత్రం అనకు.”

ఆవిడ మొహం ఎర్రబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయాడు. ఏడుపు కాదు, నవ్వు. పొద్దున్నుంచీ పెదాల వెనక అదిమిపెట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. గుమ్మం పట్టుకుని నవ్వింది.

“ముందు ఆ చొక్కా తీయండి మహానుభావా! మంచినీళ్ళు వీధిపాలు చేస్తున్నారు!”

“మంచినీళ్ళేంటి? డాబా నీళ్ళు ఇవి!”

“డాబావి కావు. కొట్టు రేకులవీ, వంటింటి రేకులవీ. రేకులు కడిగిన నీళ్ళు కాసేపు బయటికి వదిలేసి, ఇప్పుడే తిప్పాను తొట్టిలోకి. తిప్పానో లేదో మీరొచ్చి బిరడా పెట్టారు. పాపం, ఆ గుమస్తా అక్కడ తలంటుకుంటున్నాడు!”

టైలరు చొక్కా లాగాడు. నీళ్ళు మళ్ళీ దూకాయి. దోసిలి పట్టి చూశాడు. తేటగా, మచ్చ లేకుండా ఉన్నాయి.

“మరి... డాబా నీళ్ళో?”

ఆవిడ గడ్డంతో బోరు వైపు చూపించింది. గుంత మీద బండ ఒక పక్కకి జరిపి చూశాడు. కంకర మీదికి, ఇసుక మీదికి డాబా నీళ్ళు హోరుమని దిగుతున్నాయి. అడుగున బుడగలు వేస్తూ నేలలోకి ఇంకిపోతున్నాయి. పైన జల్లెడకి చిక్కుకుని ఒక బూడిదరంగు ఈక ఆడుతోంది. అది చూశాక గానీ ఆయన గుండెల మీది బరువు దిగలేదు. ఆ బురదలోనే కూలబడ్డాడు.

“ఎప్పుడు మార్పించావిదంతా?”

“మీరు రెండు ఎడమ చేతులు కుట్టిన రోజు. ఆ చొక్కా చూసి నాకు భయమేసింది. ఆ మధ్యాహ్నమే మేస్త్రిని కూర్చోబెట్టి అడిగా. తాగే నీళ్ళు రేకుల మీద నుంచి పట్టుకుంటే చాలవా మా ఇద్దరికీ అని. చాలతాయన్నాడు. డాబా నీళ్ళు గుంతలోకి వదిలితే ఇసుకా మట్టీ వడగట్టుకుంటాయి, ఆ మిగతా వాడకమంతా బోరు చూసుకుంటుంది అన్నాడు. డాబా వారం వారం ఊడ్చే పూచీ మాత్రం మీదేనట. ముందు నుంచీ అలా కట్టొచ్చు కదయ్యా అంటే, నువ్వు అడగలేదు కదక్కా అన్నాడు.”

“మరి నాకు చెప్పొచ్చు కదా!”

“వాన పడకుండా చెప్పి, అది పనిచేయకపోతే? మళ్ళీ ఇంకోసారి బుట్ట పట్టుకుని వంతెన దాటతారా? నేను చూడలేను బాబూ. అందుకే మబ్బు పట్టేదాకా ఆగి, నిన్న మీ బావకి ఫోన్ చేశా. పొద్దున్నే గూడు తలుపు తీయమని.”

“నువ్వా!”

“నేనే. నోరు విప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నా. పాపం, జీవితంలో మొదటిసారి నిలబెట్టుకున్నాడు. అవి వచ్చాక చెప్దామనే అనుకున్నానండీ. తీరా మీరు మబ్బు తుడుస్తుంటే ఆపబుద్ధి కాలేదు.”

వాన కాస్త నెమ్మదించింది. టైలరు తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. నవ్వాలనే అనుకున్నాడు. కానీ ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదే ముందు బయటికొచ్చింది.

“నువ్వు పడిపోయిన రోజు నేను పైన పావురాలు ఎగరేస్తున్నా.”

“తెలుసు.”

“తెలిసీ ఒక్క మాట అనలేదు.”

“ఏమనాలి?” ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. “ఇదా మీరు ఇన్నాళ్ళూ మోస్తున్నది? నేను పడ్డాక ఏం జరిగిందో మీకు తెలుసా అసలు? ఎవరూ వెనక్కి తిరగలేదు. వాళ్ళని అనడానికీ లేదు, ఎవరి బిందె వాళ్ళది. ఒకావిడ నా మీదుగానే బిందె దాటించుకుంది. అరిచాను, ఆ నీళ్ళ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. ఇంతలో చెప్పులు లేకుండా మీరు. మీరే గనక కొట్లో మిషను తొక్కుతూ కూర్చుని ఉంటే వచ్చేవారా? ఎంతసేపటికి తెలిసేది మీకు? డాబా మీద ఉన్నారు కాబట్టే చూశారు. చూశారు కాబట్టే వచ్చారు.”

ఈ లెక్క ఆయనకి ఎన్నడూ తట్టలేదు. ఇంతకాలం తనని తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి, దేనికీ పస లేదనిపించింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆవిడ వచ్చి, మంచి చేయి ఇచ్చి, లాగి నిలబెట్టింది.

“పదండి, ఒళ్ళు తుడుచుకోండి. అవి పాపం పొద్దున్నుంచీ బుట్టలో ఉన్నాయి.”

వాన వెలిసింది. గుమస్తా తుమ్ముకుంటూ ఇంటికెళ్ళాడు. చొక్కా ఇస్త్రీ చేసి రేపు తనే తెచ్చిస్తానని టైలరు చేతులు జోడించి చెప్పాడు. బుట్ట భుజాన పెట్టుకుని డాబా ఎక్కాడు. ఆవిడ చీపురు కూడా చేతికిచ్చే పంపించింది, మర్చిపోలేదు. తడి డాబా మీద మూత తీయగానే కాలరు ముందు దూకింది, దాని వెనకే కాజా. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళకి కదా, మొదటిసారి గాలే వచ్చింది, రెండోసారి ఈల పలికింది. అయిదూ లేచి ఇంటి చుట్టూ తిరిగాయి.

కింద పెరట్లోంచి భార్య పిలిచింది.

“ఏమండీ! కనపడుతున్నానా?”

పిట్టగోడ పట్టుకుని వంగి చూశాడు. తొట్టి పక్కన, తల పైకెత్తి నిలబడి ఉంది.

“కనపడుతున్నావు!”

“అయితే సరే” అని ఆవిడ బిందె తెచ్చి తొట్టి కుళాయి కింద పెట్టి, ఎడమ చేత్తో కుళాయి తిప్పింది.